ఇంగ్లీషు అంతగా రాని పేషెంట్లకి ఫ్రంట్ డెస్కులో, డాక్టర్ గదిలో ఎలా సాయం చేయాలి?

ముందుబల్ల అడిగిన ప్రశ్న

అమెరికాలో ఓ చిన్న ప్రైమరీ కేర్ క్లినిక్. ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు మెడికల్ అసిస్టెంట్లు, ఫ్రంట్ డెస్కులో ఒకరు. మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్), మెడికెయిడ్ (ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ఉండేది) రెండూ తీసుకుంటారు. ఇంగ్లీషు సరిగా రానివాళ్లలో స్పానిష్, వియత్నమీస్ వాళ్లు ఎక్కువ. పిల్లల దగ్గర స్థిరపడిన మన తెలుగు పెద్దవాళ్లూ, గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లూ కొంతమంది.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఏంటంటే, కొడుకో కోడలో స్కూలుకెళ్లే మనవడో పక్కన కూర్చుని చెప్పడం. ఎవరూ రాకపోతే ఫోన్‌లో అనువాదం యాప్. ఫోన్ ఇంటర్‌ప్రెటర్ కంపెనీతో ఒప్పందం ఉంది, కానీ "టైము రెట్టింపవుతుంది" అని డాక్టర్లు వాడటం లేదు.

ఇంటివాళ్ల చేత చెప్పించడం చట్టం ఒప్పుతుందా? ఫోన్ ఇంటర్‌ప్రెటర్‌తో టైము వృథా కాకుండా ఎలా మాట్లాడాలి? యాప్ ఎంతవరకు నమ్మొచ్చు? బడ్జెట్ తక్కువ కాబట్టి మొదట ఏది సరిచేయాలో కూడా చెప్పండి.

---

క్లినిక్_నడిపే_మనిషి

చట్టం సంగతి ముందు. వివక్ష చూపకూడదనే రెండు చట్టాలు చూడాలి, భాష రానివాళ్లకి సాయం అందించాలన్నది వాటి కిందికే వస్తుంది. 1964 నాటి సివిల్ రైట్స్ యాక్ట్‌లోని టైటిల్ 6, 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లోని సెక్షన్ 1557. మెడికెయిడ్ తీసుకుంటున్నారు కాబట్టి రెండూ మీకు వర్తిస్తాయి. ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ 2025 మార్చి 1న వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇంగ్లీషు అంతగా రానివాళ్లకి భాషా సాయం గురించిన 2000 సంవత్సరం నాటి 13166 ఆర్డర్‌ని రద్దు చేసింది. "ఇక ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదట" అన్న మాట అందుకే వినిపిస్తోంది. అది తప్పు. ఆర్డర్‌తో ఆర్డర్ పోతుంది గానీ కాంగ్రెస్ చేసిన చట్టం పోదు.

సెక్షన్ 1557 కింద 2024లో వచ్చిన నియమాలు మీ ప్రశ్నకి సూటిగానే జవాబిస్తాయి. మీ ఇంటర్‌ప్రెటర్‌ని మీరే తెచ్చుకోండి అని పేషెంటుతో అనకూడదు, ఆ ఖర్చు వాళ్ల మీద వేయకూడదు. మైనర్ పిల్లల చేత చెప్పించడం ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే, అదీ అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ దొరికేదాకానే. స్కూలుకెళ్లే మనవడి పద్ధతి ఈ రోజే ఆపేయండి. పెద్దవాళ్లయిన బంధువుల విషయంలో కొంచెం సడలింపు ఉంది, కానీ దానికీ షరతులున్నాయి.

ఇక మొదట ఏది సరిచేయాలంటే, నా లెక్కలో డాక్టర్ గది కాదు, అపాయింట్‌మెంట్ తీసుకునే ఫోన్ కాల్. పేషెంట్ వచ్చి కూర్చున్నాక భాష కనుక్కుంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. అప్పుడు యాప్, మనవడు తప్ప దారి ఉండదు. "మీకు ఇంగ్లీషు వచ్చా?" అని అడగొద్దు, నామోషీకి చాలామంది వచ్చనే అంటారు. "ఆరోగ్యం గురించి ఏ భాషలో మాట్లాడితే మీకు సులువు?" అని అడగండి. రెండో ప్రశ్న, "కాగితాలు ఏ భాషలో ఇవ్వమంటారు?" ఈ రెండింటికీ చార్టులో వేర్వేరు గడులు ఉండాలి. కాంటనీస్ మాట్లాడే మనిషికి చైనీస్ కాగితం ఇవ్వాలంటే లిపి సాంప్రదాయమా, సరళమా అన్నది విడిగా తెలియాలి. తెలుగు చక్కగా మాట్లాడే పెద్దావిడకి చదవడం రాకపోవచ్చు.

గ్వాటెమాలా వాళ్లంటే స్పానిష్ అని రాసేయకండి. మామ్, కిచే లాంటి మాయా భాషలే ఇంటి భాషగా ఉన్నవాళ్లు చాలామంది. స్పానిష్ ఇంటర్‌ప్రెటర్ అడిగినదానికి ఒక్క మాటలోనే, అదీ "అవును" అనే జవాబులే వస్తుంటే అనుమానించాలి. ఆ భాషలకి నేరుగా ఇంగ్లీషులోకి చెప్పేవాళ్లు తక్కువ. ఒకరు మామ్ నుంచి స్పానిష్‌కి, ఇంకొకరు స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి చెప్పాల్సి వస్తుంది. దీన్ని రిలే అంటారు. ముందుగా బుక్ చేసుకోవాలి, టైము కూడా మూడింతలు ఉంచుకోవాలి.

చార్టులో భాష పడ్డాక ఆ అపాయింట్‌మెంట్‌కి ఆటోమేటిగ్గా పెద్ద స్లాట్ పడేలా సెట్ చేయండి. 20 నిమిషాలది 40 అవుతుంది. డాక్టర్లు విసుక్కునేది అసలు ఇంటర్‌ప్రెటర్ మీద కాదు, 20 నిమిషాల స్లాట్‌లో 40 నిమిషాల పని పెట్టినందుకు.

పేర్లు, పుట్టిన తేదీలు కూడా ఇక్కడే చిక్కు పెడతాయి. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిపోయిన మనవాళ్లకి అమెరికా వీసాలో మొదటి పేరు ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం, అది పేరు కాదు. ఇన్సూరెన్స్ కార్డు మీద పేరు ఎలా ఉంటే రిజిస్ట్రేషన్‌లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించండి, లేకపోతే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. పిలవాల్సిన పేరుకి వేరే గడి ఉంటుంది. శరణార్థులుగా వచ్చిన చాలామందికి పుట్టిన తేదీ జనవరి 1 అనే ఉంటుంది. పేరూ ఆ తేదీ కలిసినంత మాత్రాన ఒకే మనిషి అనుకోవద్దు. ఫోన్ నంబరో చిరునామానో మూడో గుర్తుగా పెట్టుకోండి.

---

ఫోన్‌లో_వినిపించే_గొంతు

ఇంటర్‌ప్రెటర్ వైపు నుంచి చెప్తాను. టైము రెట్టింపవడం కొంతవరకు తప్పదు, ప్రతి మాటా రెండుసార్లు పలకాలి కదా. అంతకు మించి పోయేదంతా కాల్ మొదలుపెట్టే తీరులోనే పోతుంది.

లైన్ కలిసిన వెంటనే పేషెంటుతో మొదలెట్టకండి. ముందు ఇంటర్‌ప్రెటర్‌కి అరనిమిషం చాలు: "ఇది ప్రైమరీ కేర్ క్లినిక్, షుగర్ ఫాలోఅప్, గదిలో డాక్టరు, పేషెంటు, ఆవిడ కూతురు ఉన్నారు, ఫోన్ స్పీకర్ మీద ఉంది." గదిలో ఎవరెవరున్నారో తెలియకపోతే వినిపించే రెండో గొంతు పేషెంటుదా, కూతురిదా అని ప్రతిసారీ ఆగి అడగాల్సి వస్తుంది. ఇంటర్‌ప్రెటర్ ఐడీ నంబరు అప్పుడే రాసుకుని చార్టులో భాష, విధానం (ఫోనా, వీడియోనా), ఆ నంబరు ఎక్కించండి. లైన్ తెగితే అదే మనిషిని అడగొచ్చు. రేపు ఫిర్యాదు వచ్చినా ఆధారం ఉంటుంది.

పేషెంటు వైపు చూసి, పేషెంటుతోనే మాట్లాడాలి. "ఆవిడకి నొప్పి ఎప్పట్నుంచో అడగండి" అంటే మేము దాన్ని అలాగే తిప్పి చెప్పాలి, గదిలో ఉన్న మనిషికి అది వింతగా ఉంటుంది. "మీకు నొప్పి ఎప్పట్నుంచి?" అంటే పని ఒక్క అడుగులో అయిపోతుంది. ఒకటి రెండు వాక్యాలు చెప్పి ఆగండి. ఐదారు వాక్యాలు ఒక్క ఊపులో చెప్తే మధ్యలో అంకెలు జారిపోతాయి, మోతాదులు, తేదీలు ముందు పోతాయి. వాక్యం సగంలో ఆపడం ఇంకా నష్టం. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి సగం ఇంగ్లీషు వాక్యం ఇస్తే మేము నోరు విప్పలేం. ఒకేసారి రెండు ప్రశ్నలు అడిగితే జవాబు రెండోదానికే వస్తుంది, మొదటిది అడగనట్టే.

ఫోన్‌లో మాకు ఏదీ కనపడదు. పేషెంటు మోకాలు చూపించి "ఇక్కడ" అంటే "కుడి మోకాలి లోపలి వైపు చూపిస్తున్నారు" అని మీరు పైకి అనాలి. స్పీకర్ ఫోన్ ఇద్దరి మధ్యలో, కాగితాలకీ ఫ్యానుకీ దూరంగా పెట్టండి. కీబోర్డు ఉన్న బల్ల మీద పెడితే మాకు వినిపించేది టకటకలే. చెవి సరిగా వినపడని పెద్దవాళ్లకి స్పీకర్ పనికిరాదు. ఒకే లైనుకి రెండు రిసీవర్లున్న ఫోన్ దొరుకుతుంది, అదొకటి కొనండి. వీడియో అయితే బొమ్మ ఆగి ఆగి వస్తుంటే వాడకపోవడమే మంచిది, నియమం కూడా స్పష్టమైన చిత్రం, శబ్దం ఉండాలనే అంటుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కన్సెంట్ ఫామ్ (చికిత్సకి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టే కాగితం) స్కాన్ చేసి పంపి, లేదా చదివి వినిపించి, "మీరే వివరించి సంతకం పెట్టించండి" అనకూడదు. వివరించడం డాక్టరు పని, డాక్టరు చెప్పింది తిప్పి చెప్పడం మాది. "పేషెంటుతో ఉండండి, నేను ఇప్పుడే వస్తా" అని బయటికి వెళ్లడం కూడా అంతే. పేషెంటు మమ్మల్ని సలహా అడుగుతారు, మేము చెప్పలేం, లైన్ మీద నిశ్శబ్దం మిగులుతుంది, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ల గురించి: మెడికల్ ఇంటర్‌ప్రెటర్లకి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ సంస్థలున్నాయి గానీ, తెలుగులో మాట్లాడించి పరీక్షించే మౌఖిక పరీక్ష వాటిలో లేదు. ఆ సంస్థల్లో సర్టిఫికెట్‌కి కూర్చోవాలంటేనే కనీసం 40 గంటల శిక్షణ కావాలి. కాబట్టి ఏజెన్సీని రెండు ప్రశ్నలు అడగండి. తెలుగు ఎవరు పరీక్షించారు, ఎలా? ఆ 40 గంటల శిక్షణ ఉందా? నీళ్లు నమిలితే ఏజెన్సీ మార్చుకోండి.

---

చుక్కలూ_గోళీలూ

ఫార్మసీ కిటికీ దగ్గర చూస్తే తప్పులన్నీ దాదాపు ఒకే నాలుగైదు చోట్ల జరుగుతాయి. డాక్టరు గదిలో ఎంత బాగా ఇంటర్‌ప్రెట్ చేసినా సీసా మీద లేబుల్ ఇంగ్లీషులోనే ఉంటే చివరి మెట్టు మీద జారినట్టే.

మొదటిది, మందు ఏ దారిన లోపలికి వెళ్లాలన్నది. చెవి నొప్పికి ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్‌ని చెవిలో పోయడం ఈ రంగంలో బాగా తెలిసిన పొరపాటు. చెవికి మందు అన్నారు, నోటి ద్వారా అనలేదు. అనే మనిషికి అది చెప్పక్కర్లేనంత స్పష్టం, వినే మనిషికి కాదు. ప్రతి మందుకీ నోటికా, కంటికా, చెవికా, చర్మం మీదా అన్నది విడిగా అనిపించండి, వేలితో చూపించండి.

రెండోది కొలత. చెంచా అనకండి. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, ఇంట్లో చెంచాలు ఎవరి సైజు వాళ్లవి. గీతలున్న నోటి సిరంజి ఇచ్చి, ఎంతవరకు లాగాలో ఆ గీత దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టండి. జ్వరం ఫారెన్‌హీట్‌లో 101 దాటితే రమ్మంటే, ఇంట్లో సెల్సియస్ థర్మామీటర్ ఉన్నవాళ్లకి ఆ అంకె ఎప్పటికీ రాదు. పక్కనే 38.3 అని రాయండి. పసిపిల్లల మందులైతే పౌండ్లూ కిలోలూ కలిస్తే మోతాదు రెండింతలకి పైగా మారిపోతుంది, ఒక కిలో అంటే 2.2 పౌండ్లు కదా.

మూడోది వేళలు. "రోజుకి రెండుసార్లు" కంటే "పొద్దున 1, రాత్రి 1" మేలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు అనే నాలుగు గడుల పట్టీ వేసి, ఎన్ని గోళీలో అన్ని చుక్కలు పెడితే చదవడం రానివాళ్లకీ పనిచేస్తుంది. కాలిఫోర్నియా ఫార్మసీ బోర్డు ఇలాంటి ప్రామాణిక సూచనల్ని చైనీస్, కొరియన్, రష్యన్, స్పానిష్, వియత్నమీస్ భాషల్లో అనువాదం చేయించి పెట్టింది, ఎవరైనా చూసుకోవచ్చు. మీ వియత్నమీస్, స్పానిష్ పేషెంట్లకి అవి వాడుకోండి. ఇంగ్లీషు వాక్యం కూడా లేబుల్ మీద ఉంచాలి, అంబులెన్స్ వాళ్లు చదవాలి కదా.

తేదీ గురించి ఎవరూ పట్టించుకోరు. అపాయింట్‌మెంట్ చీటీ మీద 04/05 అని రాస్తే అమెరికాలో ఏప్రిల్ 5, మనవాళ్లకి మే 4. పేషెంటు రాలేదని నో-షో ఫీజు వేసేముందు ఆ చీటీ చూడండి. నెల ఎప్పుడూ అక్షరాల్లో రాయాలి, పక్కన వారం పేరు కూడా.

"అర్థమైందా?" అని అడిగితే "ఆ, ఆ" అంటారు. అది అర్థమైందని కాదు, వింటున్నానని, లేదా మర్యాదకి. తల ఊపడం కూడా అంతే. బదులుగా "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్లాక ఈ మందు ఎలా వేసుకుంటారో నాకు చెప్పండి" అనాలి. తప్పు మన చెప్పడంలో ఉండొచ్చన్నట్టు అడిగితే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకోరు. తప్పు చెప్తే అదే వాక్యం ఇంకొంచెం గట్టిగా అనకుండా మాటలు మార్చి చెప్పి మళ్లీ అడగండి. ఇన్‌హేలర్, ఇన్సులిన్ పెన్ అయితే చెప్పించడం చాలదు, చేసి చూపించమనాలి.

---

కోడు_రాసేవాడు

ఇంత తతంగం అవసరమా అండీ? ఇప్పటి యాప్‌లు తెలుగు బాగానే వింటున్నాయి, బాగానే మాట్లాడుతున్నాయి. నిమిషానికి డబ్బు కట్టే బదులు ట్యాబ్ ఒకటి గదిలో పెడితే సరిపోదా?

---

చుక్కలూ_గోళీలూ

"కూర్చోండి", "బాత్రూమ్ ఆ పక్క", "కారు ఎక్కడ పెట్టారు" వరకు ట్యాబ్ సరిపోతుంది. దాటితే కాదు. తెలుగులో కర్త చెప్పకుండానే వాక్యం నడుస్తుంది. "నిన్న వేసుకోలేదు, షుగర్ ఉంది" అంటే ఎవరు వేసుకోలేదు, ఎవరికి ఉంది? ఇంగ్లీషుకి కర్త కావాలి కాబట్టి యాప్ ఏదో ఒకటి ఊహించి పెట్టేస్తుంది, ఊహించానని చెప్పదు. వాళ్లమ్మ షుగర్ పేషెంటు చార్టులోకి ఎక్కడానికి అదొక్కటి చాలు. ఇంటర్‌ప్రెటర్ అయితే ఆగి "ఎవరికండీ?" అని అడుగుతారు. పళ్లు లేని నోరు, యాస, దగ్గు, మధ్యలో ఏడుపు వస్తే వినడం దగ్గరే తప్పుతుంది.

ఇంకోటి, మామూలు ఉచిత యాప్‌కి పేషెంటు వివరాలు ఇవ్వడం హిపా (పేషెంటు సమాచారాన్ని గోప్యంగా ఉంచమనే అమెరికా చట్టం) కింద వేరే తలనొప్పి. ఆ కంపెనీతో బిజినెస్ అసోసియేట్ ఒప్పందం, అంటే ఆ వివరాల్ని కాపాడతామని వాళ్లు రాసిచ్చే ఒప్పందం, ఉండాలి. రాతపూర్వక అనువాదానికి 2024 నియమాల్లోనే ఉంది: హక్కులు, చికిత్సలాంటి కీలకమైన కాగితాన్ని మెషీన్ అనువదిస్తే అర్హత ఉన్న అనువాదకుడు సరిచూడాలి.

---

ముందుబల్ల

చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ థాంక్స్. రెండు సందేహాలు మిగిలాయి. ఇంటర్‌ప్రెటర్ ఉన్నారని చెప్పినా "మా అబ్బాయే చెప్తాడు, పరాయివాళ్లెందుకు" అని పట్టుబట్టే పెద్దవాళ్లని ఏం చేయాలి? పేషెంటే ఫోన్ చేసి ఇంగ్లీషు రాక లైన్ పెట్టేస్తుంటే?

---

క్లినిక్_నడిపే_మనిషి

అబ్బాయి సంగతి. ఆ కోరిక పేషెంటుదేనా, అబ్బాయిదా అన్నది ముందు తేలాలి. నియమం చెప్పే క్రమం ఇది: అబ్బాయిని ఓ రెండు నిమిషాలు బయట కూర్చోమని, అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ ద్వారా పేషెంటునే విడిగా అడగాలి. ఆవిడ కావాలంటే, అబ్బాయి పెద్దవాడై ఉండి ఒప్పుకుంటే, ఆ సందర్భానికి అది తగినదైతే, చార్టులో రాసి కానివ్వొచ్చు. అయినా ఇంటర్‌ప్రెటర్‌ని లైన్ మీదే ఉంచండి. అబ్బాయి చెప్పేది వింటూ, ఏదైనా జారితే డాక్టరుకి చెప్తారు. అబ్బాయికి "మీరు ఈ రోజు కొడుకుగా పక్కన ఉండండి, మాటలు మోసే పని మాకు వదిలేయండి" అంటే చాలాసార్లు ఊపిరి పీల్చుకుంటాడు. స్త్రీల సమస్యలు, డిప్రెషన్, ఇంట్లో హింస, క్యాన్సర్ కబురు ఉంటే మాత్రం అబ్బాయి తగడు. తల్లి చెప్పుకోలేదు, కొడుకు దాచేస్తాడు.

ఇక ఫోన్. మీ రికార్డు మెసేజిలో ఇంగ్లీషులో నిమిషం సేపు ఆఫీసు వేళలు చెప్పి, చివర్లో "స్పానిష్‌కి 2 నొక్కండి" అని ఉందేమో చూడండి. భాష ఎంపిక మొట్టమొదట, ఆయా భాషల్లోనే ఉండాలి. మనిషి ఎత్తితే కావాల్సింది మూడే మూడు మాటలు: "ఒక్క నిమిషం ఉండండి, ఇంటర్‌ప్రెటర్‌ని పిలుస్తున్నాను, లైన్ పెట్టేయకండి." అది మీ భాషలన్నింటిలో పలికే తీరుతో సహా ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఫోన్ పక్కన అతికించండి. వియత్నమీస్‌లో స్వరం మారితే అర్థమే మారిపోతుంది కాబట్టి దానికి రికార్డు చేసిన క్లిప్ నొక్కడం మేలు. హోల్డ్‌లో పెట్టే ముందు నంబరు రాసుకోండి, తెగితే మీరే చేయాలి. మీరు పేషెంటుకి చేసేటప్పుడు క్రమం తిరగబడుతుంది. ముందు ఇంటర్‌ప్రెటర్, విషయం చెప్పడం, ఆ తర్వాతే పేషెంటుని కలపడం.

డబ్బు సంగతి కూడా అడిగారు కదా. కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ ఇంటర్‌ప్రెటర్ ఖర్చుని టీ1013 అనే కోడ్ కింద 15 నిమిషాల లెక్కన తిరిగి ఇస్తుంది, మీ రాష్ట్రం ఇస్తుందో లేదో బిల్లింగ్ వాళ్లని కనుక్కోమనండి. మెడికేర్ విడిగా ఇవ్వదు. ఒప్పందంలో నెలవారీ కనీస చార్జీ ఉందేమో చూడండి, చిన్న క్లినిక్‌కి దెబ్బ అక్కడే తగులుతుంది.

---

ఫోన్‌లో_వినిపించే_గొంతు

ఒక చిన్న చేర్పు. మీ మెడికల్ అసిస్టెంట్లలో ఎవరికైనా స్పానిష్ వస్తే వాళ్లనే లాగేయాలని అనిపిస్తుంది. ఇంట్లో మాట్లాడే స్పానిష్‌తో సంచి ఎక్కడ పెట్టాలో చెప్పొచ్చు, బయాప్సీ రిపోర్టు చెప్పలేరు. ముందు భాషా పరీక్ష చేయించి, ఆ పని వాళ్ల ఉద్యోగ వివరణలో రాసి, దానికి జీతంలో కొంత కలపండి. లేకపోతే రెండు పనులూ సగం సగం అవుతాయి, మనిషి కూడా మీ దగ్గర నిలవడు.